నీలం పర్మిట్

కిందటి వారం మనం ఆగింది న్యాయ కళాశాల గ్రంథాలయంలో, నేల కింది అంతస్తులో, పన్నెండో నంబరు అట్టపెట్టె ముందు. "మా నాన్న అలాంటి సంతకం పెట్టలేదు" అని తొమ్మిదేళ్ళుగా చెబుతూ వచ్చినవాణ్ణి, అనెక్స్ నలభై ఏడుగా ఉన్న అఫిడవిట్ చివరి పేజీలో ఆ సంతకాన్ని కళ్ళారా చూశాను. చివరి అక్షరం తోక కిందికి లాగి, దాని పక్కన రెండు చుక్కలు. మోకుల కట్టలకు వేలాడదీసే చీటీల మీద ఆయన ముప్పై ఏళ్ళు పెట్టిన సంతకమే. ఎవరో నకలు దింపారనుకోవడానికి చోటు లేదు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నా సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. నాది తాళ్ళు, టార్పాలిన్ల వ్యాపారం. రేవు వీధిలో మూడో కొట్టు. వయసు యాభై ఆరు. ఈ వయసులో ప్రజా, అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో పీజీ చేరానంటే చదువు మీద మోజనుకోకండి. మా నది సముద్రంలో కలిసేచోట ఇవతలి ఒడ్డు ఒక దేశం, అవతలి ఒడ్డు ఇంకో దేశం. మధ్యలో ఒక ఇసుక దిబ్బ. అది ఎవరిదన్న తగాదా ట్రిబ్యునల్ దాకా వెళ్ళి చివరకు మా ఒడ్డుకు దక్కింది. దక్కిన ఆరు నెలల్లో, దిబ్బ మీద ఉప్పు పండించుకునే నలభై కుటుంబాలను ఖాళీ చేయించారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి అవతలి ఒడ్డు కాగితాలు. ఆ నలభైలో మా ఆవిడ పుట్టిల్లు ఒకటి.

తీర్పులో ఒక వాక్యం ఉంది: "రేవు వీధి తాళ్ళ వ్యాపారి ఒకరి సాక్ష్యం ఈ విషయంలో నిర్ణాయకం." మా ఆవిడ అది చదివి, "మామయ్యగారే" అంది. రేవు వీధిలో తాళ్ళ కొట్లు పన్నెండున్నాయి, మా నాన్నే ఎందుకవ్వాలి అన్నాను. అప్పటికి నాన్న పోయి ఏడాది. ఆయన వచ్చి చెప్పడు, నేను తగ్గను. ఒక ఉదయం మా ఆవిడ పడవెక్కి అవతలి ఒడ్డున తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎనిమిదేళ్ళు పంతంతో గడిపాను. పంతం సరుకు లాంటిది కాదు, నిల్వ ఉంచితే బరువు పెరుగుతుంది. ఆ కేసు కాగితాలు ఉన్నది ఈ గ్రంథాలయంలో. పీజీ విద్యార్థులకు తప్ప బయటివాళ్ళకు చూపించరు. సరే, విద్యార్థినే అవుదామని చేరాను. పెట్టె కోసం ఇచ్చే ఫారంలో ఒక గడి ఉంటుంది: "ఈ పత్రాలలోని వ్యక్తులతో సంబంధం ఉంటే రాయండి." ఉందని రాస్తే లేనిపోని ప్రశ్నలు వస్తాయని "లేదు" అని రాసి ఇచ్చాను.

ఇక్కడిదాకా మీకు తెలిసిందే. ఇప్పుడు ఆ తర్వాత సంగతి.

సంతకం చూసిన రోజు కొట్టు తెరవలేదు. మర్నాడు శనివారం తెరిచాను గానీ బల్ల వెనక కూర్చుని వీధిని చూస్తూ ఉండిపోయాను. మామూలుగా గిరాకీ లేని గంటల్లో పాఠాలు గట్టిగా చదువుకుంటాను. ఒప్పందాల చట్టం మొత్తం మా కొబ్బరి తాళ్ళకు కంఠతా వచ్చి ఉండాలి. అవి ఒక్కటే నా మాట పూర్తిగా వింటాయి. క్లాసులో పిల్లలు మంచివాళ్ళే, "బాబాయ్ గారూ" అంటూ నోట్సు ఇస్తారు, తీసుకుంటారు. టీకి వెళ్ళేటప్పుడు మాత్రం నన్ను పిలవడం వాళ్ళకు గుర్తుండదు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆ వయసులో నేనూ ఏ బాబాయినీ టీకి పిలవలేదు.

ఆ శనివారం పాఠం చదవలేదు. అఫిడవిట్‌లో నాన్న చెప్పిన మాటే మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకున్నాను. "దిబ్బ మీద వ్యాపారానికి ఇవతలి ఒడ్డు రేవు అధికారి నుంచి పద్దెనిమిదేళ్ళుగా పర్మిట్ తీసుకుంటున్నాను." కింద మొదటి పర్మిట్ నకలు, తెల్ల కాగితం, మా ఒడ్డు ముద్ర.

వకీలు అయితే ఆ వాక్యాన్ని నమ్మేవాడు. నేను ఆయన కొడుకుని. నాన్న ఏ పడవనూ ఒక్క తాడుతో కట్టి నిద్రపోయిన మనిషి కాదు. ముందొకటి, వెనకొకటి. రెండు దేశాలు నాదంటే నాదనుకునే దిబ్బ మీద సరుకు దించేవాడు ఒక్క అధికారి ముద్రతో వెళ్ళి ఉండడు. రెండోది ఉండాలి. ఉంటే ఎక్కడ?

నమూనాల పుస్తకం గుర్తొచ్చింది. గిరాకీకి చూపించడానికి ప్రతి రకం టార్పాలిన్ నుంచి జానెడు ముక్క కోసి కుట్టిన పుస్తకం అది. నాన్న పోయాక ఎవరూ తీయలేదు. అటక మీద నుంచి దించి ఒక్కో ముక్కా వేళ్ళతో నలిపి చూశాను. టార్పాలిన్ మందం నా వేళ్ళకు తెలుసు. పదకొండో ముక్క దాని రకానికి ఉండాల్సిన దానికంటే మందంగా తగిలింది. కుట్టు విప్పాను. రెండు పొరల మధ్య నాలుగు మడతల్లో నీలం కాగితం. అవతలి ఒడ్డు రేవు అధికారి ముద్ర. తేదీ చూసి చేతిలో కత్తెర కింద పెట్టేశాను. మా ఒడ్డు ఇచ్చిన తెల్ల పర్మిట్ కంటే నాలుగేళ్ళు ముందుది.

అవతలి ఒడ్డు వాళ్ళ రికార్డు గది వరదలో పోయింది. వాళ్ళ దగ్గర అంత పాత కాగితం ఒక్కటీ లేదు. ట్రిబ్యునల్ తీర్పు నిలబడింది ఆ లేకపోవడం మీదే. ఆ ఉన్న ఒక్కటీ ఇన్నేళ్ళూ మా అటక మీద, పడవలకు కప్పే గుడ్డలో ఉంది.

సోమవారం పదకొండింటికి ఆ కాగితం చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, మా గైడ్ గదికి వెళ్ళాను. పిల్లలు ఆవిడను ఫుట్‌నోట్ మేడమ్ అంటారు. మనం ఏం చెప్పినా "దానికి ఫుట్‌నోట్ ఏదీ?" అంటుంది. నలభై ఆరు, నలభై ఏడేళ్ళ మనిషి. కిటికీ అవతల సైకిళ్ళ షెడ్డు. ఎదుటి కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద ఎవరిదో పాత ప్రశ్నపత్రం మడిచి పెట్టారు.

"రండి. మూడో అధ్యాయం తెచ్చారా?"

"లేదు మేడమ్. ఫుట్‌నోట్ తెచ్చాను."

ఆవిడ నవ్వింది. "అధ్యాయం లేకుండా ఫుట్‌నోట్ తెచ్చింది మీరొక్కరే."

అనెక్స్ చివరి పేజీ నకలు బల్ల మీద పెట్టి ఆవిడ వైపు తిప్పాను. "ఈ పై సంతకం మా నాన్నది. 'నా సమక్షంలో' అని కింద ఉన్నది మీది."

నవ్వు ఆగింది. కళ్ళజోడు తీసి కాగితం పక్కన పెట్టింది, మళ్ళీ పెట్టుకుంది.

"మీరు చేరినప్పుడు దరఖాస్తులో తాళ్ళ వ్యాపారం అని చూశాను. రేవు వీధిలో తాళ్ళ కొట్లు చాలా ఉన్నాయి కదా, ఇంకెవరో అనుకున్నాను."

"పన్నెండున్నాయి. ఆ మాట నేనే తొమ్మిదేళ్ళు వాడాను మేడమ్. అరిగిపోయింది."

ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"ఏం తెలుసుకోవాలని వచ్చారు?"

"ఆ రోజు ఏం జరిగిందో."

"పదమూడేళ్ళయింది. నేను అప్పుడు మా ఒడ్డు తరఫు వకీళ్ళలో అందరికన్నా చిన్నదాన్ని. రేవు ఆఫీసు మేడ మీద సాక్షుల మాటలు రాసుకునే పని నాకిచ్చారు. మీ నాన్నగారు పడవ దిగి నేరుగా వచ్చారు. చేతిలో గుడ్డ సంచి. కూర్చోమంటే కూర్చోలేదు. 'ఏం కావాలో చెప్పండమ్మా' అన్నారు, నేనేదో ఆయన కొట్టుకొచ్చినట్టు."

ఆ గొంతు నాకు వినబడింది. తల వంచుకున్నాను.

"'మన ఒడ్డు అధికారి మీకు పర్మిట్ ఇచ్చేవారా?' అని అడిగాను. 'ఇచ్చేవారు' అన్నారు. 'చూపించగలరా?' అన్నాను. తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టారు."

"అంతేనా?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. "సంచిలో ఇంకో కాగితం అంచు కనబడింది. నీలం రంగు."

నేను అప్పటికి నీలం మాట ఎత్తలేదు. జేబులోది బయటికి తీయలేదు. పదమూడేళ్ళు ఆవిడ ఆ రంగును మోసిందని అప్పుడు తెలిసింది. జేబులోంచి తీసి, మడత విప్పి, నకలు పక్కన పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ముద్ర చూసింది, తేదీ చూసింది. తేదీ దగ్గర చాలాసేపు ఆగింది.

"అది ఏమిటని అడగలేదా మేడమ్?"

"లేదు. జవాబు తెలియని ప్రశ్న సొంత సాక్షిని అడగకూడదని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. మీకూ నేను అదే నేర్పాను."

"మాకూ ఒకటి నేర్పుతారు. గిరాకీ అడిగిందే బల్ల మీద పెట్టమంటారు. అడగనిది కూడా దింపితే, అడిగింది కూడా కొనకుండా పోతాడని."

లెక్క తేలిపోయింది. ఆవిడ అడగలేదు, ఆయన చూపించలేదు. ఎవరి వృత్తి ప్రకారం వాళ్ళు తప్పు చేయలేదు. నలభై ఇళ్ళు లేచిపోయాయి.

"ఒకటి చెప్పాలి," అంది ఆవిడ నెమ్మదిగా. "సంతకం పెట్టి వెళ్తూ మీ నాన్నగారు గుమ్మం దగ్గర ఆగారు. 'ఇంకేమైనా కావాలామ్మా?' అన్నారు. వద్దన్నాను. మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చారు. మళ్ళీ అడిగారు. 'చూసుకోండమ్మా, ఇంకేమైనా కావాలా?' అని. నేను ఫైలు కట్టేశాను. 'ఇంకేం వద్దు, మీరు వెళ్ళిరండి' అన్నాను."

ఈ సంగతి ఆవిడకు తెలియదు గాని నాకు తెలుసు. నాన్న ఏ గిరాకీనీ ఆ మాట రెండోసారి అడగలేదు. బతిమాలినట్టుంటుంది, కొట్టుకు మర్యాద కాదు అనేవాడు. జీవితంలో ఒక్కసారి రెండుసార్లు అడిగాడు. ఆయనకు ఆ కాగితం చూపించాలనే ఉంది. అడగకుండా చూపించడం మాత్రం చేతకాలేదు. ఇంటికొచ్చి గుడ్డలో పెట్టి కుట్టేశాడు.

మంచినీళ్ళ సీసా నా వైపు జరిపి, నేను తాగేదాకా ఆగి, ఆవిడ మళ్ళీ పంతులమ్మ అయింది. అదే మంచిదైంది.

"తీర్పు తిరగదోడాలంటే?"

"కొత్త విషయం బయటపడాలి మేడమ్. తీర్పును మార్చేంతది కావాలి. అప్పట్లో ట్రిబ్యునల్‌కూ, అడిగే పక్షానికీ తెలియనిదై ఉండాలి. తెలిసిన ఆరు నెలల్లో అడగాలి. తీర్పు వచ్చిన పదేళ్ళు దాటితే అసలు అడగకూడదు."

"ఎవరు అడగాలి?"

"అవతలి ఒడ్డు దేశం. మనిషి అడగడానికి లేదు."

"అంటే మీరు?"

"నేను అందులో ఎవరినీ కాను." పరీక్షలో రాసిన జవాబే. గదిలో గట్టిగా అనేసరికి వేరేగా వినిపించింది. ఇంట్లో రెండు కుర్చీలున్నాయి. ఒకదాని మీద తొమ్మిదేళ్ళుగా ఎవరూ కూర్చోలేదు. ఆ కుర్చీలో కూర్చుని మా ఆవిడ మోకుల చీటీలు రాసేది. దేశాలకు నదులు, దిబ్బలు, ఓడలు ఉంటాయి. ఆ కుర్చీని గురించి మా సిలబస్‌లో ఒక్క పేరా లేదు.

ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పదేళ్ళకు ఇంకా ముప్పై ఎనిమిది రోజులు."

"నేనూ వేశాను మేడమ్. ముప్పై ఎనిమిదే."

"ఇది బయటికొస్తే నేను ఈ గదిలో ఉండను. దాని గురించి మీరు ఆలోచించక్కర్లేదు. కానీ మీ నాన్నగారిని పేపర్లో సగం సాక్షి అంటారు. ఇంకోటి. దిబ్బ మీద కొత్తగా కట్టిన రేవుకు మోకులు ఎవరివి?"

"మావే."

"అవీ పోతాయి."

"పోతాయి."

"లెక్క వేసే వచ్చారన్నమాట."

"రెండు రోజులు వేశాను. ఒక పక్క నాన్న పేరు, కొట్టు, మీరు. రెండో పక్క నలభై ఇళ్ళు, ఒక మనిషి. ఎటు మొగ్గిందో చెప్పడానికి రాలేదు. ఎటు మొగ్గినా చెప్పుకోవడానికి నాకు ఇంట్లో ఎవరూ లేరు. అందుకొచ్చాను."

ఆవిడ సొరుగు లాగి ఒక ఫారం తీసింది. గ్రంథాలయం ఫారమే. పెట్టె కోసం నేను నింపిన లాంటిదే.

"శుక్రవారం వచ్చింది. బయటి కళాశాలల వాళ్ళకు ఆ పెట్టెలు చూసే అనుమతి ఇవ్వాల్సింది నేను. సంతకం పెట్టకుండా సొరుగులో దాచాను. అడగకుండా దాటేయడం నాకు అలవాటే కదా." ఫారం బల్ల మీద పెట్టింది. "చూడండి."

అవతలి ఒడ్డు న్యాయ కళాశాల. ప్రజా, అంతర్జాతీయ న్యాయశాస్త్రం, పీజీ మొదటి సంవత్సరం. కోరిన పత్రం: పెట్టె 12, అనెక్స్ 47. గురువారం ఉదయం పది గంటలు.

ఏడు అంకె నడుముకు అడ్డంగా ఒక గీత ఉంది.

మా కొట్టులో ఒకప్పుడు ఒకటికీ ఏడుకీ తేడా తెలియక, ఏడో రకం మోకు బదులు ఒకటో రకం పడవకు కట్టి పంపారు. ఆ రోజు నుంచి ప్రతి ఏడుకూ నడుముకు గీత గీసేది మా ఆవిడ. ఆ గీత ఎడమ నుంచి కుడికి కొంచెం పైకి లేస్తుంది. ఇప్పుడూ లేచే ఉంది.

తను కూడా చేరింది. నేను ఏ గుమ్మం గుండా వచ్చానో, అదే గుమ్మం గుండా, అవతలి ఒడ్డు నుంచి. నేను సంతకం లేదని చూపించడానికి చేరాను. తను ఎందుకు చేరిందో తెలియదు.

చివరి గడి దగ్గర కళ్ళు ఆగాయి. "ఈ పత్రాలలోని వ్యక్తులతో సంబంధం ఉంటే రాయండి." దాని కింద, వంకర లేని అక్షరాల్లో: "అనెక్స్ 47 ఇచ్చినవారికి కోడలిని."

తొమ్మిదేళ్ళయింది. కోడలిని అని రాసింది.

నేను కొడుకునై ఉండి ఆ గడిలో "లేదు" అని రాశాను.

మేడమ్ ఫారం మీద సంతకం పెట్టి తేదీ వేసింది. నీలం కాగితాన్ని ఒక్క వేలితో నా వైపు తోసింది. "ఆవిడ అడిగింది తెల్ల కాగితం. అది పెట్టెలో ఉంటుంది. ఇది ఎక్కడుంటుందో నేను అడగను," అని ఆగి, తల అడ్డంగా ఊపింది. "కాదు, అడుగుతున్నాను. ఎక్కడుంటుంది?"

కాగితం జేబులో పెట్టుకుని, మా ఆవిడ ఫారం పట్టుకుని మెట్లు దిగాను.

కింద, పెట్టెలకు కాపలా ఉండే లైబ్రేరియన్ స్టూలు మీద కూర్చుని అట్టలకు జిగురు రాస్తున్నాడు. "ఏం షావుకారూ, మళ్ళీ పన్నెండేనా? ఆ పెట్టె అరిగిపోతుంది."

మేడమ్ ఇచ్చిన ఫారం ఆయన ముందు పెట్టాను. "నా పాత ఫారం ఒకసారి ఇవ్వండి. తప్పు రాశాను."

"దిద్దడానికి లేదు. కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి."

కొట్టేశాను. "లేదు" మీద గీత గీసి, పైన "కొడుకుని" అని రాసి సంతకం పెట్టాను. ఆయన చదివాడు. కళ్ళజోడు మీద నుంచి నన్ను చూశాడు.

"చిక్కు తెచ్చారు. సంబంధం ఉన్నవాళ్ళకు పెట్టె ఒంటరిగా ఇవ్వకూడదు. బల్లకు అవతల ఇంకో విద్యార్థి ఉండాలి." రెండో ఫారం కూడా చూసి నాలుక చప్పరించాడు. "ఈవిడా ఇంతే. ఈవిడకూ ఇంకొకరు కావాలి. ఎక్కణ్ణుంచి తేవాలి నేను?"

"సంబంధం ఉన్నవాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చోవచ్చా?"

నిబంధనల అట్ట గోడ మీద వేలాడుతోంది. ఆయన లేచి వెళ్ళి వేలితో వెంట చదివాడు. "ఇద్దరుండాలని ఉంది. ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో రాయలేదు." వెనక్కి తిరిగాడు. "గురువారం పదింటికి. కూర్చుంటారా? ఆవిడ పేరు పక్కన మీది రాసేయమంటారా?"

మా ఆవిడ ఏమీ అడగదు. తొమ్మిదేళ్ళ కిందట అడిగి చూసింది. అడగని మనిషి ముందు సరుకు ఎలా పెట్టాలో మా నాన్న నాకు నేర్పలేదు, ఆయనకే రాలేదు. జేబులో నీలం కాగితం ఛాతీకి తగులుతోంది. గురువారానికి మూడు రోజులు. పదేళ్ళ గడువుకు ముప్పై ఎనిమిది.

లైబ్రేరియన్ కలం ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"రాయండి," అన్నాను.